ఊడ్చేలోపు

పొద్దున్నే వర్క్‌షాపు గేటు తీసిన టేపక్కకి, కరెంటు బండి మీద నిలబెట్టిన పెద్ద అద్దం కింది మూల నుంచి పై మూల దాకా పగిలి కనిపించింది.

బండి నిన్న ఎక్కడ పెట్టారో అక్కడే ఉంది. ఛార్జింగ్ తీగ గోడకీ బండికీ మధ్య తగిలించే ఉంది. గేటు తాళం ఆమె తీసేదాకా వేసింది వేసినట్టే ఉంది. అద్దం మాత్రం రెండు పెద్ద ముక్కలు, బోలెడన్ని చిన్న ముక్కలు అయింది. వాటిలోంచి ఐదారుగురు టేపక్కలు నోళ్ళు తెరుచుకుని ఆమెనే చూస్తున్నారు.

ఆమెకి అమ్మానాన్నలు పెట్టిన పేరు వేరే ఉంది. నడుముకి ఎప్పుడూ స్టీలు టేపు తగిలించుకుని తిరుగుతుంది కాబట్టి వీధి వీధంతా టేపక్క అంటారు. అలిగినప్పుడు మొగుడు కూడా అలాగే పిలుస్తాడు. తండ్రి పెట్టిన అద్దాల కొట్టు ఇప్పుడు ఆమె చేతిలో ఉంది. ఆ కొట్టు కోసం ఆమె ఎవరినీ అడక్కుండా తీసుకున్న మొదటి పెద్ద నిర్ణయం ఈ కరెంటు పికప్పు. తండ్రి వద్దన్నా కొంది. పగిలిన అద్దం డాన్సు స్కూలు వాళ్ళది. ఇవాళ అక్కడికి చేరాలి, ఎల్లుండి పొద్దున గోడకెక్కాలి.

టేపక్క వంగి పగులు చూసింది. రాయి తగిలితే చుక్క పడి, దాని చుట్టూ సాలెగూడులా పాకుతుంది. వేడికి పగిలితే గీత పాములా వంకర తిరుగుతుంది. ఇది కింది మూలలో మొదలై కత్తితో కోసినట్టు తిన్నగా పైకి పోయింది. అంటే అద్దం బండి మీది చట్రం మీంచి ఒక్క వేలెడు లేచి, మళ్ళీ దబ్బున కూర్చుంది.

తర్వాత బెల్టులు చూసింది. ఒక్కటే ఉంది.

అద్దాల పనిలో ఒక పద్ధతుంది. వాలు చట్రానికి ఆనించిన అద్దం నిలబడి ఉన్నంతసేపూ ఒక బెల్టు చాలు. బండి కదిలే ముందు రెండోది బిగించాలి. ఆ పద్ధతి తెలియనివాణ్ణి ఏ కొట్టులోనూ బండి ఎక్కనివ్వరు. రెండో బెల్టు బుద్ధిగా చుట్టి చట్రం కింద పెట్టి ఉంది.

ఆమె గుండె తేలికపడింది. ఆ సంగతి తర్వాత తల్చుకుని తనే సిగ్గుపడింది గానీ, ఆ నిమిషంలో మాత్రం తేలికపడింది. బెల్టు లేదంటే తప్పు మనిషిది. మనిషిదైతే బండిది కాదు. బండిది కాకపోతే తనది కాదు.

అప్పుడే డ్రైవరు వచ్చాడు. తాటిచెట్టంత మనిషి. ఏ పనీ తొందరగా చెయ్యడు కాబట్టి అందరూ నిదానం అంటారు. పాత డీజిల్ వ్యానులో అతని మోకాళ్ళు స్టీరింగుకి తగిలేవి. కొత్త బండిలో బటను నొక్కితే సీటు వెనక్కి, ఇంకా వెనక్కి పోతుందని తెలిసిన రోజున పిల్లాడిలా మురిసిపోయాడు.

అద్దం చూసి అతను చెప్పులు విడిచేశాడు, ఎవరో పోయిన ఇంటికొచ్చినట్టు.

"చెప్పులు వేసుకో, గుచ్చుకుంటాయి," అంది టేపక్క. "ఒకటే బెల్టు కట్టావేంటి?"

"నిలబడ్డ బండికి ఒకటే కదక్కా."

"నిలబడ్డ బండి మీద అద్దం ఎగిరి పడుతుందా? అటు షెడ్డు దగ్గర ఎక్కించి, ఇక్కడిదాకా ఒక్క బెల్టుతో తెచ్చావు. నాలుగడుగులే కదా అనుకున్నావు."

"లేదక్కా. ముందు బండి ఇక్కడ పెట్టి తీగ తగిలించా. ఆ తర్వాతే అద్దం ఎక్కించాం. గురువుగారే ఆ కొస పట్టుకున్నారు. కావాలంటే అడగండి."

నిన్న సాయంత్రం టేపక్క మిగిలిన పనివాళ్ళని తీసుకుని ఒక కొత్త అపార్టుమెంటులో కిటికీలు కొలవడానికి వెళ్ళింది. వర్క్‌షాపులో ఉన్నది నిదానం, పెద్దాయన, ఇద్దరే.

పెద్దాయన టేపక్క తండ్రి. నిదానానికి స్టీరింగు పట్టుకోవడం నేర్పిన గురువు. వర్క్‌షాపు మీద అంతస్తులోనే కాపురం. పొట్టి మనిషి, గట్టి గొంతు. కరెంటు బండి వచ్చిన రోజు నుంచి ఆ గొంతుకి తెరిపి లేదు. 'ఇది బండి కాదు, చక్రాలున్న సెల్‌ఫోను' అన్నాడు. 'బానెట్ ఎత్తితే ఇంజను కనపడాలి గానీ చేతి తొడుగులు కనపడతాయా' అన్నాడు. ఇంజను లేని ఆ ముందు డిక్కీలో తొడుగులు, అద్దం ఎత్తే రబ్బరు పిడులు వానకి తడవకుండా ఉంటున్నాయని ఎవరు చెప్పినా వినలేదు. 'చప్పుడు లేకుండా వచ్చి వెనకాల నిలబడుతుంది, అచ్చం మా అత్తగారిలా' అని కూడా అన్నాడు. దానికి ఆయన భార్య ఒక పూట మాట్లాడ్డం మానేసింది. ఆ పూట హాయిగా ఉందని ఆయన చెప్పుకున్నాడు గానీ, ఆ మధ్యాహ్నం టీ తనే పెట్టుకోవాల్సి వచ్చింది.

ఆ పెద్దాయన ఇప్పుడు టీ గ్లాసు పట్టుకుని మెట్లు దిగుతున్నాడు.

"నాన్నా, నిన్న అద్దం ఎక్కించాక బండి కదిలిందా?"

పెద్దాయన టీ ఊదుకున్నాడు. అది ఎప్పుడో చల్లారిపోయిన టీ.

"నేను చూడలేదమ్మా. కళ్ళజోడు లేదు."

నిదానం ఆయన వంక చూశాడు. కోపంగా కాదు. బాగా తెలిసిన ఇంట్లో మెట్టు తప్పి తూలినవాడిలా చూశాడు.

"గురువుగారూ, నిన్న మూల దగ్గర చెక్క జరపమని మీరే..."

"లేదన్నానా. కళ్ళజోడు లేదు," అని పెద్దాయన టీ గ్లాసు కింద పెట్టేశాడు.

ఆ కొట్టులో ఒక నియమం ఉంది. కొట్టు పెట్టిన కొత్తలో పెద్దాయనే పెట్టాడు. అద్దం ఎవరి చేతిలోనైనా పగులుతుంది. పగిలినప్పుడు చీపురు తగిలేలోపు 'నేనే' అని చెప్పాలి. చెప్తే జీతంలో కోత లేదు, తిట్టు లేదు, ఎత్తిపొడుపు లేదు. ఊడ్చేశాక బయటపడితే మాత్రం ఆ మనిషికి కొట్టులో చోటు లేదు. కనపడే పగులు కంటే కనపడని పగులే చెయ్యి కోస్తుందని ఆయన సిద్ధాంతం. ఇన్నేళ్ళలో ఆ మాట చెప్పనివాడు లేడు. అద్దాలు కోసే ఓ కట్టరైతే చేతిలోంచి జారిన అద్దం నేల తాకకముందే 'నేనే' అని అరిచాడని ఇప్పటికీ చెప్పుకుంటారు.

టేపక్క ఎదురుచూసింది. నిదానం వంగి చెప్పులు తొడుక్కున్నాడు.

"చెయ్యని పనికి 'నేనే' అంటే నియమం నవ్వుతుందక్కా," అన్నాడు చివరికి.

"అయితే రెండ్రోజులు ఇంట్లో ఉండు. నేను ఆలోచిస్తా."

అతను బండి తాళం కార్డు ఆమె చేతిలో పెట్టాడు. జేబులోంచి తొడుగులు తీసి, మడిచి, ముందు డిక్కీలో ఎక్కడ పెట్టాలో అక్కడే పెట్టి, మూత మెత్తగా నొక్కి వెళ్ళిపోయాడు.

ముక్కలు దించి గోడవారన కుప్ప పోశారు. పెద్దాయన భార్య చీపురు కోసం వెళ్ళబోతే, ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఎవరూ ఊడవకండి. చెప్పాల్సినవాడు చెప్పేదాకా అది అలాగే ఉండాలి."

"కాళ్ళకి గుచ్చుకుంటే?"

"గుచ్చుకోనీ. నియమం నియమమే."

అబ్బో, నాన్న నిదానం మీద ఎంత పట్టుదలగా ఉన్నాడు అనుకుంది టేపక్క.

మర్నాడు బండి ఆమే తీసింది. అపార్టుమెంటు కిటికీల అద్దాలు ఎక్కించి, రెండు బెల్టులూ తన చేత్తోనే బిగించి, ఎక్కి కూర్చుని, కాలు పెట్టింది. కాలు సరిగ్గా పెడలు మీద పడింది. బయల్దేరింది. అందులో ఏదో తేడా ఉందని ఆమెకి తట్టలేదు. మనసంతా వెనకున్న అద్దాల మీద ఉంది.

అద్దాలతో పోతున్నంతసేపూ ఊపిరి బిగబట్టి నడిపింది. పాత వ్యానులో అయితే ఇంజను వణుకుకి అద్దాలు దారి పొడుగునా పళ్ళు కొరుక్కునేవి. ఇందులో ఆ వణుకే లేదు. బరువైన బ్యాటరీ అంతా నేల కింద పరుపులా పరిచి ఉండడంతో మలుపుల్లో బండి ఒరగలేదు. యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే చాలు, బ్రేకు తొక్కకుండానే వేగం తగ్గుతోంది. తగ్గినప్పుడల్లా తెర మీద కాస్త కరెంటు వెనక్కి బ్యాటరీలోకి పోతున్నట్టు ఆకుపచ్చ గీత వెలుగుతోంది. ఖర్చు పెట్టిన చిల్లరలో కొంత మళ్ళీ జేబులోకొస్తున్నట్టుందని ఆమె నవ్వుకుంది.

అపార్టుమెంటుకి ఇంకా కరెంటు రాలేదు. ఒక కిటికీలో అద్దం బిగుతుగా ఉంది, అంచు అరగదీయాలి. ఇదివరకైతే అద్దం వెనక్కి మోసుకుపోవాలి. టేపక్క బండి వెనక తలుపులో ఉన్న ప్లగ్గుకి అరగదీసే మిషను తగిలించింది. మిషను గుర్రుమంది. బండి కిమ్మనలేదు. అక్కడ గోడలకి సున్నం కొడుతున్న మేస్త్రీ వచ్చి బండి చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు.

"అమ్మా, మా ఫోను కూడా దీనికి పెట్టుకోవచ్చా?"

"ఫోనేంటి, మీ ఫ్యాను కూడా పెట్టుకోండి."

సాయంత్రం దాకా దాని కరెంటుతోనే పని చేసినా, తెర మీద ఛార్జింగ్ సగానికి పైనే ఉంది. ఖాళీ బండి, పని పూర్తయిన హుషారు. తిరిగొస్తూ ఎత్తు మీద సిగ్నలు దగ్గర ఆగింది. వెనక బస్సు ముక్కు ఆనించేంత దగ్గరగా వచ్చి నిలబడింది. పచ్చ లైటు పడగానే బస్సువాడు హారన్ మోగించాడు.

ఆమె కాలు తనంతట తానే పాత పని చేసింది. పెద్దాయన నేర్పిన పని. ఆ డీజిల్ వ్యానుని ఎత్తు మీద కదిలించాలంటే సగం పెడలు ఒక్కసారి తొక్కాలి. లేకపోతే అది దగ్గి, మూలిగి, వెనక్కి జారేది. ఆమె అలాగే తొక్కింది.

కరెంటు బండికి దగ్గు, మూలుగు తెలియవు. తొక్కిన బలమంతా ఆ క్షణమే చక్రాల్లోకి పోయింది. టేపక్క వీపు సీటుకి అతుక్కుపోయింది. సిగ్నలు ఎప్పుడు వెనక్కి పోయిందో తెలియలేదు. ఆమె నోట్లోంచి చిన్నప్పుడు ఉయ్యాల మీద వచ్చిన కేక ఒకటి వచ్చింది. వెనకాల చట్రంలో వదులుగా ఉన్న చెక్క ఎగిరి ఠప్పుమని పడింది.

ఆ ఠప్పు ఆమెని నిలబెట్టేసింది. బండి పక్కకి తీసి ఆపింది.

ఎగిరి, దబ్బున కూర్చుంది. అచ్చం అద్దంలాగే.

నిదానం ఇలా తొక్కుతాడా? ఎత్తు మీద వ్యానుని మెల్లగా, మెల్లగా కదిలించబోయి ఎన్నిసార్లు ఆపేశాడో. 'గాజు బుడ్డీ మోస్తున్నావేంట్రా, తొక్కు' అని పెద్దాయన నెత్తి మీద మొట్టేవాడు. ఎంత మొట్టినా ఆ కాలు మారలేదు. ఈ బండికి సరిగ్గా ఆ కాలే కావాలి. ఇంత గట్టిగా తొక్కేది వ్యాను మీద అరిగిన కాలు. అలాంటి కాళ్ళు కొట్టులో రెండు జతలు. ఒక జత తనవి. మొన్న సాయంత్రం అవి అపార్టుమెంటులో ఉన్నాయి.

టేపక్క కిందికి చూసుకుంది. నిదానం తర్వాత బండి ఎప్పుడు ఎక్కినా సీటు ముందుకి జరుపుకోవాలి, లేకపోతే కాలు అందదు. పొద్దున బటను ముట్టుకోలేదు. కాలు సరిగ్గా పడింది. ఇంట్లో తన పొడుగే ఉన్న మనిషి ఇంకొకరే ఉన్నారు.

ఆమె కాసేపు స్టీరింగు మీద తల ఆనించి నవ్వింది. తర్వాత నిదానం ముఖం గుర్తొచ్చి నవ్వు ఆగిపోయింది. బండి తిప్పి అతని ఇంటికి పోనిచ్చింది.

నిదానం వాకిట్లో కూర్చుని కూతురి సైకిలు చైనుకి నూనె వేస్తున్నాడు. బండి వచ్చి పక్కన ఆగినా తల ఎత్తలేదు, చప్పుడు లేదు మరి. అతని కూతురే మోచేత్తో పొడిచింది.

"తప్పు నాది," అంది టేపక్క, దిగకముందే. "నువ్వు చెప్పింది వినలేదు. నువ్వు తప్పు చేసి ఉంటే బాగుండనుకున్నా. బండి పరువు నిలబడుతుందని."

అతను చైను ఒక చుట్టు తిప్పాడు. "బండి పరువుకి నా పరువు అడ్డు పెట్టారన్నమాట."

"అవును."

"బండి ఖరీదుతో పోలిస్తే చవకే," అన్నాడు. నవ్వలేదు గానీ, నవ్వు దగ్గర్లోనే ఉందని తెలిసింది. "ఎవరో తెలిసిందా?"

"తెలిసింది."

"నాకూ తెలుసు. గురువుగారి కళ్ళజోడు ఆయన ముక్కు మీదే ఉంది ఆ సాయంత్రం."

"మరి అప్పుడే చెప్పొచ్చుగా?"

"ఆయన మాట నేనెలా చెప్తానక్కా? ఆయనే చెప్పుకోవాలి." నూనె డబ్బా మూత పెట్టాడు. "ఊడ్చేశారా?"

"లేదు. అమ్మ ఇల్లంతా వెతుకుతోంది, చీపురు కనపడట్లేదంట."

నిదానం అప్పుడు నవ్వాడు. భుజాలు కదిలేదాకా నవ్వాడు. "అయితే చెప్తారు. గడువు పెంచుకుంటున్నారంతే."

మర్నాడు పొద్దున డాన్సు స్కూలుకి కోసిన కొత్త అద్దం షెడ్డులో సిద్ధంగా ఉంది. పాత వ్యానుని కొనడానికి ఎవరో వస్తామన్నారు. టేపక్క తల్లి బజారు నుంచి వచ్చింది. ఆమె చంకలో కూతురు కొనిపించిన కొత్త చీపురు ఉంది.

"ఈ ఇంట్లో చీపురుకి కూడా కాళ్ళొచ్చాయి," అంటూ కొంగు దోపుకుంది. "ఏమండీ, ఇంక నా వల్ల కాదు. రెండ్రోజులుగా కొంగలా అడుగులేస్తున్నా. పక్కకి జరగండి."

పెద్దాయన గోడవారన కుప్పకి కాపలాగా స్టూలేసుకుని కూర్చున్నాడు. కొత్త చీపురు చూసి ఆయన ముఖం పాలిపోయింది. గేటు దగ్గర నిదానం నిలబడి ఉన్నాడు. అతన్ని చూసి ఇంకా పాలిపోయింది.

"వాడెందుకొచ్చాడు?" అన్నాడు.

"పనికి," అంది టేపక్క. "నేను తొందరపడి మాటన్నాను. క్షమించమని అడిగాను. అమ్మా, ఊడ్చేయ్."

తల్లి వంగింది. చీపురు కుప్పకి జానెడు దూరంలోకి వచ్చింది. పెద్దాయన స్టూలు మీంచి లేచిన ఊపుకి అది వెల్లకిలా పడింది. ఆయన వచ్చి చీపురు కొస రెండు చేతులతో పట్టుకున్నాడు.

"ఆగవే. తగలనీకు. నేనే. నేనే పగలగొట్టాను.

"అట్లా చూడకండి, వరసగా చెప్తా. వీడు చెప్పిందంతా నిజం. బండి ఇక్కడ పెట్టాకే అద్దం ఎక్కించాం. వీడు ఇంటికెళ్ళాడు. మీ అమ్మ పైన టీవీ ముందుంది. నువ్వు లేవు. నేనూ, ఈ బండీ, నీ సొరుగులో ఉన్న రెండో తాళం కార్డూ మిగిలాం. ఊరికే ఎక్కి కూర్చుందామనుకున్నానమ్మా, ఒట్టు. కూర్చుంటే బటను కనపడింది. నొక్కితే సీటు నన్ను ఎత్తుకుని ముందుకి తీసుకొచ్చింది. అంత మర్యాద నాకు ఈ ఇంట్లో ఎవరూ చెయ్యలేదు. సరే, వీధి చివరి దాకా వెళ్ళొద్దాం, చప్పుడు లేదు కదా, ఎవరికి తెలుస్తుందనుకున్నా. తీగ పీకాను. అద్దం ఉందని గుర్తుంది. రెండో బెల్టు సంగతే మర్చిపోయా. ఇన్నేళ్ళు మీ అందరి నెత్తి మీదా మొట్టి చెప్పినవాణ్ణి, నేనే మర్చిపోయా.

"గేటు దాటగానే ఎత్తు. కాలు వ్యాను కాలు కదా, తొక్కింది. ఇంక ఏం చెప్పమంటావు? లేడిపిల్లలా లేచిందమ్మా. నా టోపీ వెనక సీట్లోకి పోయింది. ఆ వ్యానులో వీధి చివరికి వెళ్ళేసరికి ఒక టీ తాగి రావచ్చు. ఇది నేను తొక్కాననుకునేలోపే అక్కడుంది. వెనక ఏదో టప్పుమంది. అది కూడా నవ్వుతూనే విన్నాను. తర్వాత తెలిసింది ఏంటో.

"పొద్దున చెప్దామనే దిగాను. నోరు తెరిచేలోపు నువ్వు వీణ్ణి అనేశావు. అప్పుడు చెప్తే, ఇన్నాళ్ళూ దీన్ని తిట్టిన నోరు ఎక్కడ పెట్టుకోను? అందుకని కళ్ళజోడు మీద పెట్టాను. అది అద్దం పగలగొట్టినదానికంటే పెద్ద తప్పు. ఒరేయ్ నిదానం, నీ మీద పడుతుంటే చూస్తూ కూర్చున్నానురా. గురువని పిలవకు ఇంక. పిలిస్తే పిలువు గానీ, నీ కాలే సరైన కాలురా, నేను ఊరికే మొట్టాను. చీపురు నీళ్ళ ట్యాంకు వెనకుందే, తిట్టకు. ఊడవనంతసేపూ గడువుంటుందని నేనే పెట్టిన నియమం కదా. ఆ వ్యానుకొచ్చేవాడు ఎంతిస్తే అంతకి ఇచ్చేయండి. చీపురు ఇటివ్వు, నేనే ఊడుస్తా.

"ఒక్కటి చెప్తే నమ్మరు. బండి వెనక్కి తెచ్చి పెట్టి, తీగ తగిలించి, దిగి చూశాను. అద్దం ముక్కలు ముక్కలై ఉంది. ముక్కకొక ముసలాడున్నాడు. గుండాగి చావాల్సింది పోయి, వెధవలు, ఒక్కడు కూడా నవ్వడం ఆపలేదు."